లోపలి గొట్టం

రేకుల షెడ్డు ఒకటే. గోడ తర్వాత వచ్చింది. గోడకు ఇటు పక్క రేడియేటర్లు బాగుచేసే అన్న, అటు పక్క గేరుబాక్సులు విప్పే తమ్ముడు. వీధిలో జనం పెద్దాయనను నీళ్లాయన అనీ, చిన్నాయనను నూనాయన అనీ పిలిచేవారు. ఇద్దరికీ మాటలు లేక చాలా ఏళ్లయింది కాబట్టి, ఆ పేర్లు పెట్టినవాడెవడోగానీ భలే పెట్టాడని వీధంతా నవ్వుకునేది. ఆ ఇద్దరికి మాత్రం అందులో నవ్వేమీ కనిపించలేదు.

తగువు ఆస్తి దగ్గర రాలేదు. తండ్రి మంచాన పడినప్పుడు తమ్ముడు ఎక్కడో దూరపు ఊళ్లో ఎవరిదో లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు. అప్పట్లో అందరి చేతుల్లో ఫోన్లు లేవు. అటు వెళ్తున్న ఒక డ్రైవరుకు చెప్పి అన్న కబురు పంపాడు. ఆ మహానుభావుడు దారిలో ఎక్కడ ఆగాడో, ఏం మరిచాడో, కబురు చేరలేదు. తమ్ముడు వచ్చేసరికి తండ్రిని సాగనంపడం కూడా అయిపోయింది. "నువ్వే రావాల్సింది" అన్నాడు తమ్ముడు. "నాన్నను వదిలేసి రానా? పంపాను కదా, ఇంకేం చెయ్యమంటావు" అన్నాడు అన్న. వాళ్ల మధ్య ఆఖరి మాటలు అవే. ఆ నెలలోనే గోడ లేచింది.

మాటలు పోయినంత మాత్రాన పనులు ఆగుతాయా? ఒకే బండికి ఇద్దరి చేతులూ కావాలి. అందుకని మధ్యలో చెల్లెలు ఉండేది. లారీ నడిపి నడిపి నడుం పడిపోయిన భర్త స్టీరింగు ఆమెకు అప్పగించి, ఇల్లూ పిల్లలూ తను చూసుకుంటున్నాడు. ఆమె పొద్దున్నే లారీ తీసేముందు ఒకసారి, సాయంత్రం ఆపేశాక ఒకసారి షెడ్డుకు వచ్చి, అన్న చెప్పింది తమ్ముడికీ, తమ్ముడు చెప్పింది అన్నకూ చేరవేసేది. వీధిలో ఆమెను తపాలా అనేవారు. గోడకు తలుపు లేదు. మాట బయటికి వెళ్లి, వీధి మలుపు తిరిగి, అటు గుమ్మంలోంచి లోపలికి పోవాలి. ఇటు నుంచి నిప్పులా బయల్దేరిన మాట అటు చేరేసరికి కాస్త చల్లారేది. అటు నుంచి వచ్చే జవాబు కూడా మెత్తగానే ఉండేది. తమ్ముడికి ఇంత మెత్తని నోరు ఎప్పుడొచ్చిందా అని అన్న ఒకటి రెండుసార్లు అనుకున్నాడు గానీ, అంతకుమించి బుర్ర పెట్టలేదు.

ఆ పాత మిలటరీ ట్రక్కును తెచ్చింది చెల్లెలే.

కొండ మీద గని ఉంది. అక్కడికి ఇనుప పైపులు చేరవెయ్యాలి. వానలకు సగం కొట్టుకుపోయిన ఆ దారిలో మామూలు లారీ ఎక్కదు. ఆరు చక్రాలూ తిరిగే ట్రక్కయితే ఎక్కుతుందని, సైన్యం వదిలేసిన బండ్లను వేలం వేస్తుంటే ఈమె వెళ్లి పాడుకుని, ఇంకో లారీ వెనక కట్టి లాక్కొచ్చింది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయి, తలుపు మీద అంకెలు ఎవరో కావాలని గీకేసినట్టు చెరిగిపోయి ఉన్నాయి. కాళ్ల దగ్గర క్లచ్ లేదు. గేర్లు వాటంతటవే మారతాయి, లోపల పనంతా నూనె చేస్తుంది. 

"ఎవరి బండో ఇది" అంది వదిన, అంటే నీళ్లాయన భార్య, గుమ్మంలోంచి చూసి. "దీన్ని చూస్తే నాకెందుకో లోపలికి రానివ్వబుద్ధి కావడం లేదు."

"నిన్నెవరు వండమన్నారు దాన్ని" అన్నాడు నీళ్లాయన. అన్నాడే గానీ, ఆ మాట ఆయన చెవుల్లోంచి పోలేదు.

సీటు కింద రెండు చెక్క దిమ్మలు దొరికాయి. చక్రాల వెనక పెట్టే అడ్డచెక్కలు. ఏటవాలుగా కోసి, ఒకే తాడుకు రెండు కొసలా కట్టి ఉన్నాయి. వాటి పల్చని అంచులు నలిగి, రబ్బరు నల్లగా అంటుకుని ఉంది. ఎవరో వాటిని చాలాసార్లు, తొందరలో వాడారు. నీళ్లాయన వాటిని చేతిలో పట్టుకుని చూసి, తాడు కోసేశాడు. ఒకటి తన షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు. రెండోది చెల్లెలికిచ్చి, "వాడి వాటా వాడికిచ్చెయ్, లేకపోతే దీనికి కూడా మూతి ముడుచుకుంటాడు" అన్నాడు.

"బండిలో ఉండాల్సినవి కదన్నయ్యా" అంది చెల్లెలు.

"హ్యాండ్ బ్రేకు వాడు కొత్తగా చేస్తున్నాడు కదా. ఇక వీటితో నీకేం పని?"

ఆమె దిమ్మ పట్టుకుని వీధి చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ రోజు నుంచి రెండు తలుపులూ బుద్ధిగా తెరుచుకుని నిలబడ్డాయి.

పని మొదలైంది. నీళ్లాయన రేడియేటరు దించాడు. సోడా నీళ్లలో ఉడకబెడితే లోపలి నుంచి తుప్పు ఎర్రటి బురదలా వచ్చింది. ఒక్కో సన్నగొట్టంలోకీ ఇనుప పట్టీ దూర్చి, అడ్డం వచ్చిందల్లా గీకి తీశాడు. పై తొట్టి విప్పి, చిల్లులకు టంకం పెట్టి, మళ్లీ అతికించాడు. నీళ్ల పంపుకు కొత్త సీలు, పాత రబ్బరు గొట్టాల స్థానంలో కొత్తవి, ఫ్యానుకు కొత్త బెల్టు. తన పనిలో వేలు పెట్టి చూపించడానికి తమ్ముడికి సందు ఇవ్వకూడదన్నది ఆయన పంతం. గోడ అవతల సుత్తి చప్పుడు వినిపించినప్పుడల్లా ఇటు కూడా ఒక దెబ్బ గట్టిగా పడేది.

ఇద్దరి పనులూ కలిసే చోటు ఆ బండి మొత్తంలో ఒక్కటే ఉంది. గేరుబాక్సులో వేడెక్కిన నూనె ఒక రాగి గొట్టంలో బయటికొచ్చి, రేడియేటరు అడుగు తొట్టిలో నీళ్ల మధ్య చుట్టలు తిరిగి, చల్లబడి వెనక్కి పోతుంది. చుట్టూ నీళ్లు, లోపల నూనె, మధ్యలో పల్చని రాగి రేకు. ఆ గొట్టం తొట్టిలోంచి బయటికొచ్చే చోట పాత టంకం ముద్ద ఒకటి కనిపించింది. ఇంతకుముందు ఎవడో అక్కడ చెయ్యి పెట్టాడు. ఎందుకు పెట్టాడో చెప్పడానికి వాడు లేడు.

ఆ సాయంత్రం చెల్లెలు వచ్చింది. "పెద్దన్నయ్యా, రేడియేటరు లోపలి గొట్టానికి గాలి పెట్టి చూశావా అని అడుగుతున్నాడు చిన్నన్నయ్య."

నీళ్లాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా రేడియేటరు సంగతి నన్ను అడిగేంతవాడయ్యాడా? "అది నూనె గొట్టం. నూనె సంగతి నూనె వాళ్లే చూసుకోవాలి. నా పని నీళ్ల వరకే అని చెప్పు. కావాలంటే వచ్చి చూసుకోమను, కాళ్లు లేవా?"

చెల్లెలు కాసేపు ఆయన మొహం చూసింది. "సరే" అని వెళ్లింది. తిరిగి వచ్చి, "సరేనన్నాడు" అంది.

నీళ్లాయన ఆ గొట్టం రెండు మూతులకూ చెక్క బిరడాలు బిగించి, రేడియేటరును నీళ్ల తొట్టిలో ముంచి, గాలి పెట్టాడు. ఒక్క బుడగ రాలేదు. బిరడాలు బిగించిన గొట్టంలోంచి బుడగ ఎలా వస్తుంది? ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. బిరడాలు తీసి, ఆ గొట్టానికి విడిగా గాలి పెట్టడం చిటికెలో పని. పెట్టలేదు. అది తన పని కాదు.

బండి సిద్ధమైన రోజు సాయంత్రం చెల్లెలు దాన్ని ఊరి బయట రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చింది. ఇంజను ఉరుముతున్నా వేడి చూపించే ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది. గేర్లు వెన్న కోసినట్టు మారాయని ఆమె దిగుతూనే చెప్పింది. ఆమె మొహం వెలిగిపోతోంది. రెండు గుమ్మాల్లోంచీ రెండు తలకాయలు బయటికి వచ్చి, ఒకదాన్నొకటి చూడకుండా, బండిని చూసి మళ్లీ లోపలికి పోయాయి.

మర్నాడు పొద్దున్న బండి చల్లారాక నీళ్లాయన రేడియేటరు మూత తీశాడు. నీళ్ల మీద సన్నటి రంగుల పొర తేలుతోంది. వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు. జిడ్డు. ఇంజను నూనె అయితే నల్లగా ఉంటుంది. ఇది లేత ఎరుపు. గేరుబాక్సు నూనె.

గుండెల్లో రాయి పడింది. ఆ రాయిని ఎత్తి పక్కన పెట్టడానికి ఆయన వెంటనే సాకులు వెతుక్కున్నాడు. ఎన్నేళ్లనాటి బండి, పాత మడ్డి ఎక్కడో అంటుకుని ఉండి ఇప్పుడు కరిగి ఉంటుంది. లేదా వాడు నూనె చేతులతో గొట్టాలు బిగించి ఉంటాడు, శుభ్రం అన్నది పుట్టుకతోనే లేదు వాడికి. పైగా ఇప్పుడు ఈ మాట ఎత్తితే మొదట వచ్చే ప్రశ్న ఏమిటి? లోపలి గొట్టం చూశావా అని. ఆ ప్రశ్న గోడ అవతలి నుంచి, అందులోనూ మెత్తగా వస్తుంది. దాన్ని తట్టుకోవడం ఆయన వల్ల కాదు. పొరను గుడ్డతో అద్ది తీసేశాడు. నీళ్లు నిండా పోసి, మూత బిగించాడు.

అప్పటికే తమ్ముడు బండి కింద దూరి ఏదో చేసి వెళ్లాడు. చెల్లెలు వచ్చి సీటెక్కింది. "చిన్నన్నయ్య నూనె కూడా కొత్తది పోశాడట" అంది సంతోషంగా. నిన్ననే పోసిన నూనె ఇవాళ మళ్లీ ఎందుకు మార్చాడా అని నీళ్లాయన అనుకునేలోపే బండి కదిలింది. ఊరి చివర గోదాములో పైపులు ఎక్కించుకుని, మధ్యాహ్నానికి కొండెక్కుతుంది. వెనక చక్రాల దుమ్ము వీధి మలుపు దాకా కనిపించింది.

ఆ పొద్దంతా ఆయనకు పని సాగలేదు. టంకం కడ్డీ వేడెక్కేది, చల్లారేది. భార్య తినమని పిలిస్తే ఆకలి లేదన్నాడు. 

షెడ్డు నేలలో ఒక కాలువ ఉంది. తండ్రి కట్టించింది. గోడ లేచినప్పుడు దాన్ని పూడ్చలేక, గోడ కిందనుంచే వదిలేశారు. అటు పక్క కడిగిన నీళ్లు ఇటు వచ్చి, వీధిలోకి పోతాయి. మధ్యాహ్నం దాటాక తమ్ముడు అవతల ఏదో బేసిను కడిగి ఒలకబోసిన చప్పుడైంది. కాసేపటికి ఆ కాలువలో ఒక చార నెమ్మదిగా పాకుతూ వచ్చింది. నీళ్లాయన మామూలుగా చూశాడు. తర్వాత వంగి చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చున్నాడు.

పాలు ఎక్కువైన టీ రంగు. నురగ.

నూనెలో నీళ్లు కలిస్తేనే ఆ రంగు వస్తుంది. తన నీళ్లలో వాడి నూనె ఉంది. వాడి నూనెలో తన నీళ్లున్నాయి. లోపలి గొట్టం చిట్లింది. బండి వేడెక్కినప్పుడల్లా అది ఇంకాస్త నోరు తెరుస్తుంది. ఆ బండికి గేర్లు పట్టేది నూనె బలంతో. నూనె నురగైపోతే ఇంజను ఎంత అరిచినా చక్రాలకు చేరేది ఏమీ ఉండదు. చదును నేల మీద అయితే ఆగిపోతుంది, అంతే. కొండ మీద అయితే వెనక్కి వస్తుంది.

చెల్లెలికి ఫోన్ చేశాడు. మోగలేదు. మళ్లీ చేశాడు. కొండ దగ్గర ఫోన్లు పలకవని తెలిసి కూడా చేశాడు. అప్పుడు ఆయనకు వచ్చిన మొదటి ఆలోచన చూడండి, ఈ సంగతి తమ్ముడికి చెప్పాలి, చెల్లెలు ఎప్పుడొస్తుందా అని. అంత భయంలోనూ బుర్ర పాత దారే పట్టింది. చెప్పడానికి చెల్లెలు లేదు. ఆ బండిలో ఉంది.

ఆయన వీధిలోకి వచ్చి, మలుపు తిరిగి, ఇన్నేళ్లుగా తొక్కని గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముడు చేతుల జిడ్డును రంపపు పొట్టుతో రుద్దుకుంటున్నాడు. జుట్టు కాస్త పల్చబడింది. ఎప్పుడు పల్చబడిందో అన్నకు తెలియదు.

"ఆ నూనె ఎందుకలా ఉంది?"

తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అడుగుతున్నాడేమోనని. ఎవరూ లేరు. "బండి కడిగినప్పుడు నీళ్లు పోయాయేమో అనుకున్నా. మార్చేశా."

"నా నీళ్లలో నీ నూనె తేలింది పొద్దున్న."

తమ్ముడి చేతులు ఆగిపోయాయి. "లోపలి గొట్టం నువ్వు గాలి పెట్టి చూశావు కదా?"

"నేనెక్కడ చూశాను? అది నీ పనని చెప్పి పంపాను కదా."

"చూశాను, ఏం ఢోకా లేదు, వాణ్ని నిశ్చింతగా ఉండమను అన్నావట."

"నేనా?"

"కాదా మరి? వాడు చేసిన బాక్సుకు నా రేడియేటరు వల్ల మాట రానివ్వను అని కూడా అన్నావట. అది విని నేను..." తమ్ముడు ఆగాడు.

"నేను అలా అనలేదు" అన్నాడు అన్న. "నీకు కాళ్లు లేవా అన్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో అటూ ఇటూ వచ్చిన మెత్తని మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నాన్న సంవత్సరీకం రోజున తమ్ముడు పంపాడనుకున్న మాట. జబ్బు చేసినప్పుడు అన్న అడిగాడనుకున్న మాట. అవన్నీ ఎవరివో ఇద్దరికీ అర్థమైంది.

తమ్ముడు బైకు తాళం తీసుకున్నాడు. గుమ్మం దాటబోయి, వంగి, తలుపు కింది చెక్క దిమ్మను లాగాడు. తలుపు దబ్బున మూసుకుంది. అన్న పరుగెత్తి తన దిమ్మ కూడా తెచ్చాడు. బైకు వెనక కూర్చున్నప్పుడు తమ్ముడి భుజం పట్టుకోవడానికి మొహమాటపడి సీటు కింది కమ్మీ పట్టుకున్నాడు. మొదటి గుంతలోనే మొహమాటం వదిలిపోయింది.

కొండ మొదట్లో ఒక చదును ఉంది. బండ్లు ఆపుకుని అన్నం తినే చోటు. అక్కడ మట్టి మీద టీ రంగు మడుగు ఉంది. "ఇక్కడ ఆపి తిన్నది" అన్నాడు తమ్ముడు. "వేడి మీద ఆపితే నీళ్లు నూనెలోకి తోసుకొస్తాయి." మడుగు నుంచి రోడ్డు పొడవునా ఒక చార పైకి పోతోంది. మొదట చుక్కలు చుక్కలుగా, తర్వాత తెగకుండా.

రెండో మలుపులో హారన్ వినిపించింది. ఎవరినో తప్పుకోమనే హారన్ కాదు. ఆపకుండా మోగుతోంది. బ్యాటరీ దిగిపోతున్నట్టు గొంతు సన్నబడుతోంది. వాళ్లు మూడో మలుపు చేరేసరికి అది కూడా ఆగిపోయింది. తమ్ముడి వీపు బిగుసుకుపోవడం అన్న చేతికి తెలిసింది.

ట్రక్కు మలుపు మధ్యలో, ముక్కు పైకెత్తి నిలబడి ఉంది. ముందు నుంచి ఆవిరి. వెనక పైపుల బరువు. వెనక చక్రాలకు ఒక పక్క కొండ కాలువ, రెండో పక్క రోడ్డు అంచు, అంచు కింద ఏమీ లేదు. ఇంజను ఆగిపోయి ఉంది. సీట్లో చెల్లెలు రెండు చేతులతో స్టీరింగును పట్టుకుని, దాదాపు లేచి నిలబడి, కుడికాలు బ్రేకు మీద మోపి ఉంది. ఆమె జుట్టు చెమటకు మొహాన అంటుకుపోయింది. ఆ కాలు తొడ నుంచి మడమ దాకా వణుకుతోంది. 

"దిగలేను అన్నయ్యా" అంది. ఎవరినన్నదో తెలియలేదు. "హ్యాండ్ బ్రేకు పట్టడం లేదు. నూనంతా దాని మీదే కారింది. కాలు తీస్తే వెళ్లిపోతుంది."

"తియ్యకు. వచ్చేశాం" అన్నాడు నీళ్లాయన.

చెయ్యాల్సింది ఇద్దరికీ తెలుసు. రెండు వెనక చక్రాల కిందా రెండు దిమ్మలు దిగాలి. ఒక్కటే దిగి ఆమె కాలు తీసిందంటే, బండి ఆ ఒక్కదాని చుట్టూ తిరిగి, రెండో పక్కకు దొర్లుతుంది. తమ్ముడు మాట్లాడకుండా అంచు వైపు వెళ్లాడు. అన్న కొండ వైపు మోకాళ్ల మీద కూర్చుని, దిమ్మను చక్రం వెనక దూర్చి, రాయితో నాలుగు దెబ్బలు కొట్టాడు. కూర్చుంది. బండి కింద నుంచి చూడబోతే ఆవిరీ, కారుతున్న నురగా తప్ప అవతల ఏమీ కనిపించలేదు.

"అమ్మాయ్" అని కేకేశాడు. "పెట్టాడో లేదో వాణ్ని అడుగమ్మా."

పై నుంచి జవాబు లేదు.

"అడుగు తల్లీ. దిమ్మ దిగిందా అని."

జవాబు లేదు. స్పృహ తప్పిందా? బండి ఎక్కడో కిర్రుమంది. చక్రం వేలెడంత వెనక్కి జరిగి, ఆయన దిమ్మ మీదికి ఎక్కి, ఆగింది. ఇటు ఆగింది. అటు? అటు దిమ్మ లేకపోతే ఈ బరువంతా అటు తిరుగుతుంది. అటు వాడున్నాడు. వాడి వెనక అంచు ఉంది. నీళ్లాయన గొంతులో ఇన్నేళ్లుగా అడ్డం పడి ఉన్నదేదో ఒక్కసారిగా ఊడివచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ! పెట్టావా?"

"లేదన్నయ్యా" అని అవతలి నుంచి వచ్చింది. చిన్నప్పటి గొంతు అది. "జారుతోంది. కిందంతా నూనె. దిమ్మ నిలవడం లేదు. పొడిమట్టి కావాలి, ఇటు ఏమీ లేదు."

అన్న చొక్కా విప్పాడు. కొండ పక్క కాలువలోంచి మట్టీ గులకరాళ్లూ చొక్కాలోకి ఎత్తి, మూట కట్టి, బండి కిందికి దూరాడు. నురగ వీపు మీద వేడిగా పడుతోంది. చెయ్యి చాచాడు. అవతలి నుంచి ఇంకో చెయ్యి వచ్చి మూట అందుకుంది.

"మట్టి పోసెయ్. దాని మీద పెట్టి కొట్టు."

"పోశా. కొడుతున్నా." దెబ్బలు వినిపించాయి. "అన్నయ్యా, నువ్వు బండి కింద నుంచి ముందు బయటికి రా."

"దిగిందా చెప్పు."

"నువ్వు బయటికొచ్చావా చెప్పు ముందు."

"వచ్చా."

"దిగింది. గట్టిగా దిగింది."

"అమ్మాయ్" అన్నాడు నీళ్లాయన పైకి చూసి. "నెమ్మదిగా వదులు."

బండి మూలిగింది. రెండు దిమ్మల మీదా ఒకేసారి బరువు వేసి, రెండంగుళాలు కుంగి, ఆగిపోయింది.

ఇద్దరూ కలిసి ఆమెను దించారు. కుడికాలు చాపుకోలేకపోయింది. రోడ్డు పక్కన కూర్చోబెట్టి తమ్ముడు పిక్కలు రుద్దుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. నీళ్లాయనకు భయం దిగి కోపం వచ్చింది, అలాంటప్పుడు అందరికీ వచ్చేదే.

"రెండుసార్లు పిలిచాను. అడగమన్నాను. వినపడలేదా?"

"వినపడింది" అంది చెల్లెలు.

"మరి?"

ఆమె కళ్లు తెరిచింది. "నేను అడిగితే చిన్నన్నయ్య ఏమనేవాడు? అయిపోతోంది, కంగారు పడొద్దని చెప్పు అనేవాడు. అది నీకు నేనెలా చెప్పేదాన్ని? అయిపోయిందట అని చెప్పేదాన్ని. నాకు అలాగే వచ్చు. అప్పుడు నువ్వు వదలమనేవాడివి." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇంతసేపూ ఆ బ్రేకు మీద నిలబడి అదే ఆలోచించాను. గొట్టం చూశాడట అని చిన్నన్నయ్యకు చెప్పింది నేనే. ఒక్క మాట తీపి చేసి, నా చావు నేనే ఎక్కి కూర్చున్నాను."

నీళ్లాయన చొక్కా లేకుండా, ఒంటి నిండా నురగతో నిలబడి ఉన్నాడు. "నువ్వు కాదమ్మా, నేను" అనబోయాడు.

"నన్ను ఇంటికి తీసుకెళ్లండి" అంది ఆమె. "దారిలో నన్ను పలకరించొద్దు. మాట్లాడాలనుంటే మీలో మీరే మాట్లాడుకోండి."

ముగ్గురూ ఒకే బైకు మీద కొండ దిగారు. మధ్యలో చెల్లెలు, వెనక అన్న. కొండ మొదట్లో ఆ టీ రంగు మడుగు దాటాక తమ్ముడు తల వెనక్కి తిప్పకుండానే అడిగాడు.

"అన్నయ్యా, ఆ రోజు నాన్న నా గురించి ఏమైనా అడిగాడా?"